డిసెంబరు చుట్టాలు



దసరా వెళ్ళిందంటే మన సంఘంలో ఎవరు ఎవరికి తటస్థపడినా అడిగే మాట ఒకటే: "ఈసారి అమ్మా నాన్నా వస్తున్నారా? టిక్కెట్లు ఎప్పటికి తీశారు?" జవాబు కూడా ఇంచుమించు అన్ని ఇళ్ళలోనూ ఒకటే. "22నో 23నో దిగుతారండీ. అప్పటికి మాకూ సెలవులు. క్రిస్మస్ కూడా చూపించినట్టుంటుంది." పిల్లల దగ్గుల గురించి రాస్తామన్న వ్యాసం వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ నెల ఈ జవాబు గురించే రాయాలనుకున్నాం. ఎందుకంటే టిక్కెట్లు తియ్యని వారికి ఇంకా వ్యవధి ఉంది.

ఉన్నమాట చెప్పాలంటే, 23న దిగిన పెద్దవాళ్ళకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించడానికి క్రిస్మస్ మిగలదు. ఇక్కడి క్రిస్మస్ సంత మామూలుగా 22తో సరి. మర్నాటి నుంచి పనివాళ్ళు కొట్లు విప్పి లారీల కెక్కిస్తూ ఉంటారు. 24 మధ్యాహ్నం రెండు గంటలకు చట్టప్రకారం దుకాణాలు మూసేస్తారు. 25, 26 రెండు రోజులూ సెలవు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో అంతదూరం వచ్చిన మనిషికి ఆ మూడు రోజులూ బంద్ జరుగుతున్న ఊళ్ళో దిగినట్టుంటుంది. మా ఎరుకలో ఒక పెద్దాయన 25 ఉదయం కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, "పండగన్నారు గదా, వీళ్ళింట్లో ఎవరైనా పోయారా ఏమిటి?" అని అడిగారట.

మన పండుగలకూ వీళ్ళ పండుగకూ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. మన పండుగ అసలు రోజున వీధిలోకి వస్తుంది. దీపావళి నాడు, వినాయక చవితి నాడు, భోగి తెల్లవారుజామున ఇంట్లో ఎవరుంటారు? వీళ్ళ పండుగ నాలుగు వారాలు వీధిలో ఉండి, అసలు రోజున ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఆ తలుపు వెనక తల్లిదండ్రులూ పిల్లలూ అన్నదమ్ములూ ఉంటారు. పరాయివాళ్ళను ఆ పూట పిలవడం వీళ్ళ అలవాటు కాదు. అందులో నిరాదరణ ఏమీ లేదు. అది వాళ్ళ పద్ధతి.

అంచేత మేము చెప్పదలుచుకున్నవి రెండు సంగతులు. పండుగ వీధిలో ఉన్నప్పుడే పెద్దవాళ్ళను రప్పించండి. అది లోపలికి వెళ్ళే మూడు రోజులకు వాళ్ళు కూర్చోడానికి ఒక "లోపల" సిద్ధం చేసి ఉంచండి. ఇక వివరాలు.

సందర్శకుల వీసా మీద ఆరునెలల్లో 90 రోజులు ఉండవచ్చు. నవంబరు ఆఖరి వారంలో దిగితే సంక్రాంతి దాటాక తిరిగి వెళ్ళినా ఇంకా రోజులు మిగులుతాయి. "అప్పుడు మాకు సెలవు ఉండదు గదా, ఎవరు తిప్పుతారు?" అంటారు. సంత రాత్రి దాకా ఉంటుంది. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి తీసుకువెళ్ళినా రెండు గంటలు తిరగవచ్చు. పైగా శని ఆదివారాల తొక్కిసలాటలో మోకాళ్ళ నొప్పుల మనుషులను తిప్పడం కంటె, మంగళ బుధవారాల సాయంత్రం తిప్పడం ఎంతో మేలు. సెలవు దాచుకుని 24 నుంచి వాడుకోండి. అసలు అవసరం అప్పుడే.

అడ్వెంట్ అంటే ఏమిటని అత్తగారు అడిగితే ధనుర్మాసం వంటిదని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు. పచ్చటి కొమ్మల చుట్టలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి, ఆదివారానికి ఒకటి చొప్పున వెలిగిస్తారు. ఈ ఆచారం అనాదిగా వస్తున్నదేమీ కాదు. హాంబుర్గ్‌లో అనాథ పిల్లలను పెంచిన యోహన్ హిన్‌రిష్ విఖెర్న్ అనే పాదిరీ, పండుగ ఎప్పుడొస్తుందని రోజూ అడిగే పిల్లల కోసం 1839లో ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజులు లెక్కపెట్టించాడు. అక్కడి నుంచి పాకింది. డిసెంబరు 5 రాత్రి పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడితే, తెల్లారేసరికి నికోలాస్ వాటిలో మిఠాయిలూ గింజలూ పెట్టి వెళతాడు. ఆ రాత్రి బూట్లు నింపే పని తాతగారికి అప్పగించి చూడండి. జర్మన్ ఒక్కముక్క రాకపోయినా ఈ దేశపు పండుగలో ఆయనకు ఒక ఉద్యోగం దొరికినట్టే.

ఇక సంత. రోమర్‌బెర్గ్ చౌకులోనూ పక్కన పౌల్స్‌ప్లాట్స్‌లోనూ జరిగే ఈ సంత ప్రస్తావన 1393 నాటి పత్రాల్లోనే ఉంది. అంటే శ్రీనాథుడి కాలమన్నమాట. సుమారు 30 మీటర్ల దేవదారు చెట్టు మధ్యలో నిలబెడతారు. మధ్యాహ్నం మూడున్నరకు తీసుకువెళ్ళడం మంచిది. ఈ నెలలో ఎనిమిది దాటితేగాని తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. మూడున్నరకు వెళితే వెలుతురులో ఇళ్ళ ముంగిళ్ళు చూడవచ్చు, గంట గడిచేసరికి దీపాలు వెలగడమూ చూడవచ్చు. చెట్టు ఎదురుగా వరసగా ఉన్న కర్రచట్రాల ఇళ్ళను చూసి పెద్దవాళ్ళు "ఎన్నేళ్ళవో!" అంటారు. 1944 మార్చి బాంబుదాడుల్లో ఆ వరస అంతా బూడిదైంది. ఇప్పుడు కనిపించేవి 1980లలో పాత నమూనా మీద మళ్ళీ కట్టినవి. అక్కడి నుంచి పెద్ద చర్చికి వెళ్ళే దారిలోని "కొత్త పాత ఊరు" 2018లో తెరిచారు. యుద్ధంలో పోయిన ఊరు మళ్ళీ కట్టుకున్నారని చెప్పండి. పెద్దవాళ్ళకు ఆ సంగతి దీపాల కంటె ఎక్కువ గుర్తుంటుందని మా అనుభవం.

తినడం గురించి. కాల్చిన చెస్ట్‌నట్లు వేడివేడిగా పొట్లం కట్టి ఇస్తారు. రుచి కాల్చిన పనసగింజలకు దగ్గర. శాకాహారులకు నిర్భయంగా పెట్టవచ్చు. పంచదార పాకం పట్టిన బాదంపప్పు వాసన సంతంతా కమ్ముకుని ఉంటుంది. షుగరు ఉన్నవారికి నాలుగు గింజలు చాలు, పొట్లం మీ చేతిలో ఉంచుకోండి. బంగాళాదుంప అట్లలో గుడ్డు కలపడం మామూలు కనుక అడిగి తీసుకోండి. లేబ్‌కూఖెన్ అనే రొట్టెలో దాల్చినచెక్క, లవంగం, ఏలకులు, అల్లం వేస్తారు. అత్తగారు వాసన చూసి దినుసులు ఒక్కొక్కటీ పేరుపెట్టి చెబుతుంటే వినడం సరదాగా ఉంటుంది. ఈ ఊరి సొంత మిఠాయి బెత్‌మెన్‌షెన్. బాదంపిండి ముద్ద చుట్టూ మూడు బాదం బద్దలు అతికించి కాలుస్తారు. మన బాదం బర్ఫీకి దూరపు చుట్టం. ఇందులోనూ పైపూతకు గుడ్డు వాడతారు, గమనించండి.

గ్లూవైన్ గురించి డాక్టర్లుగా ఒక మాట. వేడిచేసి, పంచదార కలిపి, లవంగమూ దాల్చినచెక్కా వేసిన ద్రాక్షసారా అది. కప్పు చేత్తో పట్టుకుంటే మన ఇంటి కషాయం వాసన వస్తుంది కాబట్టి మద్యమన్న సంగతి మరిచిపోతాం. షుగరుకు ఇన్సులినో, కొన్ని రకాల మాత్రలో వాడేవారికి మద్యం పడితే కొన్ని గంటల తర్వాత షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. పెద్దవయసులో ఆ తూలుడు చూసి చలికి అనుకుంటాం. వాళ్ళకు "కిండర్‌పున్‌ష్" అడగండి. అదే వాసన, మద్యం ఉండదు. తియ్యగా మాత్రం ఉంటుంది, కనుక షుగరు వారికి సగం కప్పే. కప్పుకు కొంత పైకం డిపాజిట్టు పుచ్చుకుంటారు. తిరిగి ఇస్తే వస్తుంది, ఇవ్వకపోతే బొమ్మల కప్పు మీదే. ఊరికి తీసుకువెళ్ళడానికి అంతకంటె చవకైన జ్ఞాపిక ఇంకొకటి లేదు.

సంతకు వెళ్ళే దారుల్లో పెద్ద పెద్ద సిమెంటు దిమ్మెలూ పోలీసులూ కనిపిస్తారు. పెద్దవాళ్ళు అడుగుతారు. దాచకుండా చెప్పడం మంచిది. 2016 డిసెంబరు 19న బెర్లిన్ సంతలోకి ఒకడు లారీ తోలాడు. 2024 డిసెంబరు 20న మాగ్డెబుర్గ్ సంతలోకి ఇంకొకడు కారు తోలాడు. ఆరుగురు పోయారు, వందలమంది గాయపడ్డారు. గాయపడినవారిలో మన దేశస్థులూ ఉన్నారు. మాగ్డెబుర్గ్‌లో కారు నడిపినవాడు విదేశం నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న డాక్టరు. మేమూ విదేశం నుంచి వచ్చిన డాక్టర్లమే. మర్నాడు తెల్లకోటు వేసుకుని వార్డులోకి అడుగుపెట్టడానికి మాకు కాళ్ళు రాలేదు. వార్డులో ఒక ముసలి పేషెంటు మాత్రం రోజూలాగే చెయ్యి చాపి, "చలిగా ఉందా బయట?" అని అడిగింది. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. దిమ్మెలు ఉన్నాయి కనుకనే ధైర్యంగా వెళ్ళవచ్చునని పెద్దవాళ్ళకు చెబుతాం. పెద్ద సంచులు మాత్రం ఇంట్లో వదిలి వెళ్ళండి.

ఓపిక ఉన్నవారిని ఒక రోజు న్యూరెంబర్గ్ తీసుకువెళ్ళవచ్చు. వేగం బండిలో రెండుగంటల పైచిలుకు ప్రయాణం. అక్కడ బంగారు కిరీటమూ జుట్టూ పెట్టుకుని మేడ మీద నుంచి సంత ప్రారంభించే "క్రిస్ట్‌కిండ్"గా ఊరి అమ్మాయిని రెండేళ్ళకొకసారి ఎన్నుకుంటారు. 2019లో ఎన్నికైన బెనిగ్నా మున్సి తండ్రి భారతదేశంలో పుట్టినవాడు. ఆ పిల్ల రంగు గురించి ఒక పార్టీ స్థానిక శాఖ వెక్కిరింపుగా రాస్తే, ఊరికి ఊరే, దేశంలోని పెద్దలే ఆ పిల్ల పక్షాన నిలబడ్డారు. మన పిల్లలు ఈ దేశంలో పెరుగుతున్నారు కాబట్టి, ఈ కథలో మొదటి సగమూ రెండో సగమూ రెండూ తాతగారికి చెప్పవలసినవే.

చలిలో గంటన్నర మించి పెద్దవాళ్ళను నిలబెట్టకండి. మధ్యమధ్య వెచ్చగా కూర్చునే చోట్లు కావాలి, పాయిఖానా దగ్గరలో ఉండాలి. మేము తీసుకువెళ్ళేవి మూడు. మొదటిది సంతకు నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్న గోథే పుట్టిన ఇల్లు. 1753 క్రిస్మస్‌కు నాలుగేళ్ళ గోథేకు నాయనమ్మ బొమ్మలాట వేదిక కానుకగా ఇచ్చింది. అంత గొప్ప నాటకకర్తకు నాటకం మొదట పరిచయమైంది ఆ బొమ్మలతోనే. తోలుబొమ్మలాట చూసి పెరిగిన మన తాతగార్లు ఈ కథకు కరిగిపోతారు.

రెండోది "కొత్త పాత ఊరు"లో ఉన్న స్ట్రూవెల్‌పీటర్ మ్యూజియం. 1844 డిసెంబరులో ఈ ఊరి డాక్టరు హైన్రిష్ హోఫ్‌మన్ మూడేళ్ళ కొడుక్కు క్రిస్మస్ కానుకగా బొమ్మల పుస్తకం కొందామని బజారుకు వెళ్ళాడు. ఏదీ నచ్చలేదు. ఖాళీ నోటుబుక్కు కొనుక్కొచ్చి, బొమ్మలూ పద్యాలూ తానే రాసి ఇచ్చాడు. అప్పటికి ఆయన వయసు 35. స్నేహితుల బలవంతం మీద మరుసటి ఏడు అచ్చువేస్తే ప్రపంచమంతా తిరిగింది. జుట్టూ గోళ్ళూ కత్తిరించుకోని పిల్లవాడు, సూప్ తాగనని మొండికేసి అయిదోనాటికి చచ్చిపోయే కాస్పర్, కుర్చీలో కుదురుగా కూర్చోలేని ఫిలిప్. "అన్నం తినకపోతే బూచాడొస్తాడు" అని పెంచిన మన అమ్మమ్మలకు అనువాదం అక్కర్లేదు. తన రోజుల్లో చిన్న పిల్లల పేషెంట్లను భయం మరిపించడానికి ఆ డాక్టరు బొమ్మలు గీసి చూపేవాడట. ఆ కిటుకు మేమూ వాడుతుంటాం.

మూడోది పామెన్‌గార్టెన్. 1871లో తెరిచిన తోట. అందులో ఉష్ణదేశపు మొక్కలకోసం కట్టిన గాజు ఇళ్ళున్నాయి. తలుపు తియ్యగానే కళ్ళద్దాలు మసకబారతాయి, కోటు విప్పేస్తారు. రాజమండ్రి వానాకాలపు సాయంత్రం లాంటి గాలి. పది రోజులుగా ముడుచుకుని కూర్చున్న మనిషి అక్కడ బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చోవడం చూస్తే టిక్కెట్టు డబ్బులు వచ్చినట్టే. పండుగ రోజుల్లో వేళలు మారుతుంటాయి, ముందే కనుక్కుని వెళ్ళండి.

ఇవన్నీ డబ్బు పెట్టి చూసేవి. పైసా ఖర్చులేనిది, మా దృష్టిలో అన్నిటికంటె గొప్పది, గంటలు. ఊరి నడిబొడ్డున ఉన్న పది చర్చిల 50 గంటలు ఒకేసారి మోగిస్తారు. ఏడాదికి నాలుగుసార్లే. అందులో రెండు ఈ రుతువులోనే వస్తాయి. మొదటి అడ్వెంట్ ముందటి శనివారం సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదు దాకా, 24 సాయంత్రం అయిదు నుంచి అయిదున్నర దాకా. పెద్ద చర్చిలో ఉన్న గ్లోరియోసా గంటను 1877లో పోతపోశారు. బరువు 12 టన్నులకు కొంచెం తక్కువ. మైన్ నది మీద ఇనుప కాలివంతెన దగ్గర నిలబడితే ఒక్కొక్క గంటా వచ్చి కలవడం తెలుస్తుంది. 24న అక్కడ ఊరివాళ్ళు పిల్లలతో వస్తారు, ఫ్లాస్కులు తెచ్చుకుంటారు, ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు. అయిదున్నరకు గంటలు ఆగుతాయి. జనం ఇళ్ళకు వెళతారు. వీధిలో పండుగ ఆ నిమిషంతో సమాప్తం.

ఆ నిమిషం తర్వాత పెద్దవాళ్ళు ఎక్కడుంటారన్నదే అసలు ప్రశ్న.

మాలాంటి వాళ్ళ ఇళ్ళలో 24 రాత్రి ఒకరు డ్యూటీలో ఉంటారు. పిల్లలున్న జర్మన్ సహోద్యోగులు ఆ రాత్రి ఇంట్లో ఉండాలని కోరుకోవడం న్యాయమే. మేము అడిగి మరీ ఆ రాత్రి పుచ్చుకుంటాం, బదులుగా సంక్రాంతికో ఉగాదికో సెలవు పుచ్చుకుంటాం. బేరం ఇద్దరికీ లాభమే. కాని ఆ బేరంలో లేని మూడో మనిషి ఒకరున్నారు. తొమ్మిదిగంటలు విమానంలో కూర్చుని కొడుకునో కూతురునో చూడడానికి వచ్చి, మూడో అంతస్తులో కిటికీ దగ్గర కూర్చున్న ఆవిడ. ఊరి టైము నాలుగున్నర గంటలు ముందుంటుంది కనుక అక్కడి ఆరున్నర ఇక్కడి రాత్రి రెండు. ఆవిడ రెండింటికి లేస్తుంది. తెల్లవారడానికి ఇంకా ఆరుగంటలు. దీపం వేస్తే పిల్లలకు నిద్రాభంగమని చీకట్లో కూర్చుంటుంది. ఎలా ఉన్నావని అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. ఒంటరిగా ఉందని మన తల్లులు ఎప్పుడూ చెప్పరు. ఆకలి లేదంటారు, మోకాళ్ళు లాగుతున్నాయంటారు, తిరుగు టిక్కెట్టు ముందుకు జరపవచ్చునా అని అడుగుతారు. ఈ మూడు మాటలు ఒక వారంలో వింటే మందుల పెట్టె తియ్యకండి. పక్కన కూర్చోండి. ఉదయం పదింటికి, ఉన్న కాస్త వెలుతురులో, అరగంట నడిపించండి. వంటింట్లో ఒక దీపం వేసుకుని కాఫీ పెట్టుకునే స్వాతంత్ర్యం మొదటి రోజే ఇవ్వండి.

ఇంకొక ఉపాయం మాకు బాగా పనిచేసింది. డిసెంబరులో ఇక్కడి ఇళ్ళలో రకరకాల బిస్కట్లు చేసి, పళ్ళెంలో పెట్టి ఇరుగుపొరుగుకు ఇస్తారు. సంక్రాంతికి మనం అరిసెలూ చక్కిలాలూ పంచడం లాంటిదే. మన పెద్దవాళ్ళ చేత చక్కిలాలో సున్నుండలో చేయించి, 22న మెట్ల మీద కింది వాళ్ళకూ పై వాళ్ళకూ వాళ్ళ చేతనే ఇప్పించండి. ముఖ్యంగా ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు. వాళ్ళు ఈ దేశంలో తక్కువేమీ కాదు. మన అమ్మకు జర్మన్ రాదు, ఆవిడకు తెలుగు రాదు. అయినా మర్నాడు ఖాళీ పళ్ళెం తిరిగి రాదు, నిండా బిస్కట్లతో వస్తుంది. చుట్టంగా వచ్చిన మనిషికి చేతిలో పని పెడితే ఆ మనిషి చుట్టం కాకుండా పోతుంది. ఆ మూడు రోజులకు అంతకు మించిన మందు మాకు తెలియదు.

ఇక అవసరమైన సంగతులు ఒకచోట రాస్తాం, గోడకు అంటించుకోండి.

పాలు, కూరలు, బియ్యం 23 సాయంత్రానికే తెచ్చి పెట్టుకోండి. మరిచిపోయినవి ఉంటే పెద్ద స్టేషనులోనూ విమానాశ్రయంలోనూ కొన్ని కొట్లు పండుగ నాడూ తెరిచి ఉంటాయి. 24 సాయంత్రం నుంచి రైళ్ళూ ట్రాములూ పలచబడతాయి.

మందులు మూడు నెలలకు సరిపడా ఊరి నుంచే తెచ్చుకోమనండి, చేతిసంచీలో. బ్రాండు పేర్లు ఇక్కడ వేరు కనుక అసలు మందు పేరూ మోతాదూ కాగితం మీద రాయించండి. మన ఊరి డాక్టరు చీటీ చూసి ఇక్కడి మందుల షాపు మందులిస్తుందని ఆశపెట్టుకోకండి.

నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు ఐరోపాలోకి తేకూడదు. కస్టమ్స్‌లో పారేస్తారు. ఆవకాయకు అడ్డులేదు.

వీసాకు కావలసిన ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి. చాలా పాలసీలలో పాత జబ్బులకు డబ్బు రాదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఆ చిన్న అక్షరాలు ప్రయాణానికి ముందే చదివించుకోవాలి.

చలికి రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారు భోజనం చేసిన వెంటనే ఎదురుగాలిలో నడవకూడదు. మూతికి మఫ్లర్ అడ్డం పెట్టుకోవాలి. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది కనుక చలి కొరికినా తెలియదు. బిగుతు కాని ఉన్ని మేజోళ్ళు, జారని అడుగు ఉన్న బూట్లు వెయ్యండి. రాత్రి పాదాలు మీరే చూడండి.

ఛాతీ నొప్పి, మాట తడబడడం, మూతి వంకరపోవడం కనిపిస్తే ఆలోచించకుండా 112. అంత తొందర లేని జబ్బుకు, డాక్టర్లు సెలవులో ఉన్నప్పుడు, 116117. పండుగ నాడు కూడా ఏదో ఒక మందుల షాపు వంతు ప్రకారం తెరిచి ఉంటుంది. మూసిన ప్రతి షాపు తలుపు మీదా ఆ వివరం ఉంటుంది. రెండున్నర యూరోలు అదనంగా పుచ్చుకుంటారు.

మంచు కురుస్తుందని పెద్దవాళ్ళకు మాట ఇవ్వకండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్రిస్మస్‌కు మంచు పడడం అరుదు. సన్నటి వానే ఎక్కువ. గొడుగులు కొనండి.

జనవరి 6 దాకా ఉండే పెద్దవాళ్ళకు ఇంకొక వేడుక ఉంది. ఆ రోజుల్లో చర్చి పిల్లలు రాజుల వేషాలు వేసుకుని, నక్షత్రం పట్టుకుని, ఇంటింటికీ పాడుకుంటూ వస్తారు. బీద దేశాల పిల్లలకోసం చందా పోగుచేస్తారు. గుమ్మం పైన సుద్దతో ఏడాది అంకెలూ మూడక్షరాలూ రాసి వెళతారు. ధనుర్మాసంలో హరిదాసు గుమ్మం ముందు ఆగితే అక్షయపాత్రలో బియ్యం పోసిన చేతికి, ఆ పిల్లల డబ్బాలో నాలుగు నాణేలు వెయ్యడం ఎవరూ నేర్పనక్కర్లేదు. తర్వాత వారానికి మన సంక్రాంతి ఎలాగూ ఉంది.

చివరగా సభ్యులకు ఒక మనవి. 26 మధ్యాహ్నం మా ఇంట్లో పప్పూ, పులిహోరా, పచ్చడీ ఉంటాయి. డ్యూటీలో ఉన్న వాళ్ళ అమ్మానాన్నలు ఎవరైనా, ముందుగా మాకు తెలిసినా తెలియకపోయినా, వచ్చి కూర్చోవచ్చు. మా ఇల్లు చిన్నది, పన్నెండుమంది పడతారు. మన సంఘంలో ఈ డిసెంబరుకు వచ్చే పెద్దవాళ్ళు అంతకంటె ఎక్కువే ఉంటారు. 24 సాయంత్రమో, 25నో, 26నో ఒక పూట తలుపు తీసి ఉంచగలిగిన వారు, ఏ రోజు, ఎంతమంది అన్నది రాసి కార్యదర్శి గారికి పంపండి. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ సంగతి తెలిసిన వారూ రాయండి. ఆ జాబితా డిసెంబరు సంచిక మొదటి పేజీలో వేస్తామని సంపాదకులు మాట ఇచ్చారు.

వచ్చే నెల: పిల్లల దగ్గులు.